చేప ఒంటి మీది బ్యాక్టీరియా, చెరువులోని మందు

చేప చర్మం మనిషి చర్మం లాంటిది కాదు. మనిషి ఒంటి పైపొర చచ్చిన కణాలతో కట్టిన పొర. ఎండి, పొట్టులా రాలిపోతూ ఉంటుంది. చేప ఒంటి పైపొరలో నీటిని తాకే చివరి వరస దాకా అన్నీ బతికున్న కణాలే. పొలుసులు చర్మం మీద తొడిగిన కవచంలా కనిపిస్తాయి కానీ, అవి లోపలి చర్మంలో పుట్టి పల్చని పైపొర కిందే ఉంటాయి. కాబట్టి ఒక పొలుసు ఊడిందంటే దాన్ని కప్పిన బతికున్న పొర చిరిగిందన్నమాట. మంచినీటి చేప రక్తంలో ఉప్పు చుట్టూ ఉన్న నీటిలోకన్నా ఎక్కువ. చర్మం చిరిగిన చోట నీరు లోపలికి చొరబడుతుంది, లవణాలు బయటికి పోతాయి, క్రిములకు దారి దొరుకుతుంది.

ఆ పొరకూ నీటికీ మధ్య ఉండేది జిగురు. పైపొరలోని ప్రత్యేక కణాలు దీన్ని ఎప్పటికప్పుడు ఊరిస్తూ ఉంటాయి. అందులో బ్యాక్టీరియా గోడను కరిగించే లైసోజైమ్, యాంటీబాడీలు, క్రిములను నేరుగా చంపే చిన్న పెప్టైడ్లు ఉంటాయి. పాత జిగురు నీటిలోకి జారిపోతూ తనకు అంటుకున్న క్రిములను కూడా మోసుకుపోతుంది. వంటింట్లో చేపను రాతి మీద ఉప్పు వేసి రుద్ది వదిలించేది ఈ రక్షణ పొరనే.

జిగురు శుభ్రమైనది కాదు, కానక్కరలేదు. చేప ఒంటి మీద చదరపు సెంటీమీటరుకు వంద నుంచి కోటి దాకా బ్యాక్టీరియా ఉంటాయని పాత సూక్ష్మజీవ శాస్త్ర గ్రంథాలు లెక్క చెబుతాయి. నీరు ఎంత వెచ్చగా, ఎంత సేంద్రియ పదార్థంతో ఉంటే లెక్క అంత పైకి పోతుంది. ఏరోమోనాస్, సూడోమోనాస్, అసినెటోబ్యాక్టర్, ఫ్లావోబ్యాక్టీరియం మంచినీటి చేపల మీద తరచు కనిపించే జాతులు. ఇవి నీటిలోనూ ఉంటాయి, కానీ నీటిలో ఉన్న పాళ్లలో చేప మీద ఉండవు. జిగురు కొన్నిటిని నిలవనిస్తుంది, కొన్నిటిని తోసేస్తుంది. నిలిచినవి చోటునూ తిండినీ ఆక్రమించుకుని, కొత్తగా వచ్చే రోగకారక క్రిములకు అవకాశం లేకుండా చేస్తాయి.

ఆరోగ్యంగా ఉన్న చేప మీద ఊరికే ఉండే ఏరోమోనాస్ హైడ్రోఫిలా, చేప నీరసించినప్పుడు రోగమవుతుంది. ఏలూరు జిల్లా కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి ప్రాంతాల్లోనూ, పశ్చిమ గోదావరి జిల్లా ఆకివీడు, భీమవరం చుట్టుపక్కలా చెరువుల రైతులు ఎర్రమచ్చలనీ, రెక్క కుళ్లనీ, పొట్ట ఉబ్బు అనీ చెప్పే జబ్బుల్లో చాలావాటి వెనక ఉండేది ఈ ఏరోమోనాస్ కుటుంబమే. మొప్ప కుళ్లు, తోక కుళ్లులలో ఫ్లావోబ్యాక్టీరియం కాలమ్నారే పాత్ర పెద్దది. చాలాసార్లు తలుపు తీసేది మాత్రం వేరే జీవి. చేప పేను అనే ఆర్గ్యులస్ బొచ్చె, శీలావతుల ఒంటికి అంటుకుని, సూది లాంటి ముల్లు గుచ్చి రక్తం పీలుస్తుంది. అది గుచ్చిన చోట ఎర్రని చుక్క పడుతుంది, దురద తీరక చేప గట్టుకో గెడకో ఒళ్లు రుద్దుకుంటుంది, పొలుసు లేస్తుంది. ఆ పుండులోకి ఏరోమోనాస్ దిగుతుంది. రైతు కంట పడేది ఎర్రమచ్చ. షాపులో అడిగేది ఆ మచ్చకు మందు. పేను అలాగే ఉండిపోతుంది.

కొల్లేటి చుట్టుపక్కల కార్పు చెరువుల్లో మేత వేసే పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. చెరువులో వరసగా గెడలు పాతుతారు. అడుగున చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ సంచుల్లో తవుడు, వేరుశనగ చెక్క లేదా పత్తి చెక్క నింపి, పడవ మీద వెళ్లి గెడలకు కట్టి నీటిలో వేలాడదీస్తారు. చేపలు చిల్లుల దగ్గర గుమిగూడి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మేతను లాక్కుని తింటాయి. మేత వృథా కాకుండా ఉండటానికి తెలుగు రైతులు కనిపెట్టుకున్న మంచి పద్ధతి ఇది. జబ్బు వచ్చినప్పుడు మందు కూడా ఈ సంచిలోనే కలుస్తుంది. చిక్కు అక్కడే ఉంది. జబ్బుపడిన చేప ముందుగా మానేసేది మేతే. మందు కలిపిన తవుడును పోటీపడి తినేవి ఇంకా బాగా ఉన్న చేపలు. మందు అవసరమైనదానికి అందదు, అవసరం లేనిదానికి అందుతుంది. మిగిలినది చిల్లుల్లోంచి కరిగి నీటిలో కలుస్తుంది.

ఆ మందుల్లో ప్రపంచమంతటా చేపల పెంపకంలో ఎక్కువగా వాడినది ఆక్సీటెట్రాసైక్లిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగా, మిస్సోరీ మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి 1945లో బెంజమిన్ డగ్గర్ దాన్ని వేరు చేశాడు. 1948లో అది లోకానికి వెల్లడైంది. ఆ ఏడే సుబ్బారావు కన్నుమూశారు. అదే సంస్థలో థామస్ జూక్స్ ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోళ్లకు పెట్టి, అవి త్వరగా ఎదుగుతున్నాయని గుర్తించాడు. 1950లో ఆ సంగతి ప్రకటించాక, జబ్బు లేని జంతువుల మేతలో యాంటీబయాటిక్ కలపడం ప్రపంచవ్యాప్త వ్యాపారమైంది. ఆక్సీటెట్రాసైక్లిన్ కూడా 1950లోనే వచ్చింది. సుబ్బారావు 1895లో పుట్టిన భీమవరం నేడు చేపలు, రొయ్యల పెంపకానికి కేంద్రం. ఆయన నడిపించిన పరిశోధన లక్షల ప్రాణాలను నిలబెట్టింది. ఆ మందు కుటుంబం పనితనాన్ని కాపాడుకోవడం ఆ ఊరి చెరువులకూ సంబంధించిన విషయమైంది.

ఆక్సీటెట్రాసైక్లిన్‌ను చేప పేగు సరిగా పీల్చుకోలేదు. ట్రౌట్, కార్పుల మీద జరిపిన కొలతల్లో నోటి ద్వారా ఇచ్చినదాంట్లో నూటికి పది పాళ్లు కూడా రక్తంలోకి చేరలేదు. మిగతాది మలంతో బయటికి వస్తుంది. పైగా ఈ మందు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బిగుసుకుంటుంది. సున్నం చల్లడం మామూలైన చెరువుల్లో దీనికి పట్టుకోవడానికి కావలసినంత కాల్షియం ఉంటుంది. అలా బిగుసుకున్న మందులో చాలా భాగం అడుగు బురదలోకి దిగి, వెలుతురు తగలని చోట నెలల తరబడి నిలుస్తుంది. అంటే రైతు చేపకు వైద్యం చేస్తున్నాననుకుంటాడు. నిజానికి బురదకూ, నీటికీ, ఆ నీటిలో ఈదే చేపల ఒంటి జిగురుకూ తక్కువ మోతాదులో మందు పడుతుంది. క్రిములను చంపేంత మోతాదు కాదది. సున్నితమైనవాటిని వెనక్కి నెట్టి, మొండివాటిని ముందుకు తెచ్చేంత మోతాదు.

ఒంటి మీది సూక్ష్మజీవుల సమతుల్యత చెదిరితే ఏమవుతుందో రెండు ప్రయోగాలు చక్కగా చూపించాయి. అమెరికాలో పిల్లి చేపలను పొటాషియం పర్మాంగనేట్ నీటిలో ఉంచి 2015లో ఒక బృందం పరిశీలించింది. తెలుగు రైతులకు కూడా బాగా అలవాటైన ఊదా రంగు మందే అది. చర్మం మీది బ్యాక్టీరియా కూర్పు మారింది. ఆ తర్వాత కాలమ్నారే క్రిమి సోకితే, మందునీటిలో ఉంచని చేపలకన్నా ఈ చేపలు ఎక్కువగా లొంగిపోయాయి. పర్మాంగనేట్ యాంటీబయాటిక్ కూడా కాదు, క్రిమిసంహారిణి మాత్రమే. రెండో ప్రయోగం గంబూసియా మీద జరిగింది. దోమల లార్వాలను తినడానికి హైదరాబాద్ చెరువుల్లో వదిలే చిన్న చేప ఇదే. దీన్ని రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన నీటిలో కొద్దిరోజులు ఉంచితే చర్మం మీదా పేగులోనూ బ్యాక్టీరియా వైవిధ్యం కుంగిపోయిందనీ, ఆ చేపలు రోగకారక ఎడ్వర్డ్సియెల్లాకూ ఉప్పు ఒత్తిడికీ తట్టుకోలేకపోయాయనీ 2017లో వెలువడిన పరిశోధన తెలిపింది. ముందుజాగ్రత్త అని పోసిన మందు జబ్బుకు దారి తీయవచ్చని ఈ రెండూ చెబుతున్నాయి.

మందుకు లొంగని ఈ మొండితనం బ్యాక్టీరియాకు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి పుట్టుకతో ఉండేది. ఏరోమోనాస్‌లలో చాలావాటికి ఆంపిసిలిన్ మొదటి నుంచీ పనిచేయదు. దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ వాటి సొంతం. మారుమూల వాగులోని ఏరోమోనాస్‌లోనూ అది ఉంటుంది కాబట్టి, దాన్ని చూసి చెరువు రైతు మీద నేరం మోపకూడదు. రెండోది సంపాదించుకున్నది. బ్యాక్టీరియా తమ ప్రధాన డీఎన్‌ఏకు వెలుపల ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయాలను ఉంచుకుంటాయి; వాటిని పక్కనున్న వేరే జాతికి కూడా అందించగలవు. విరేచనాల క్రిమి షిగెల్లాలో ఇలా మొండితనం చేతులు మారుతుందని 1950ల చివర్లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. తర్వాత చేపల రోగకారక క్రిముల్లోనూ అదే కనబడింది. కిక్కిరిసిన చెరువులో చేప జిగురు ఇటువంటి మార్పిడికి అనువైన చోటు. పలు జాతులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, తిండి ఉంటుంది, కొద్దిపాటి మందు ఉంటుంది. ఎరువుగా కోళ్ల పెంట వేసిన చెరువైతే, కోడి పేగులోని బ్యాక్టీరియా, అవి మోసే జన్యువులు కూడా వచ్చి చేరతాయి.

ఈ జన్యువులు చెరువుకే పరిమితం కావనడానికి అన్నిటికన్నా గట్టి ఉదాహరణ క్యూఎన్‌ఆర్ అనే కుటుంబం. సిప్రోఫ్లాక్ససిన్ లాంటి ఫ్లోరోక్వినోలోన్ మందుల దెబ్బ నుంచి బ్యాక్టీరియాను కొంతమేరకు కాపాడే జన్యువులివి. ఆసుపత్రి రోగుల్లోని క్రిముల ప్లాస్మిడ్లలో ఇవి బయటపడ్డప్పుడు ఎక్కడివా అని వెతికారు. క్యూఎన్‌ఆర్‌ఎ మూలం షెవనెల్లా ఆల్గే అనే నీటి బ్యాక్టీరియాలో ఉందని 2005లో తేలింది. క్యూఎన్‌ఆర్‌ఎస్ మూలం సముద్రపు విబ్రియోలలో కనిపించింది. అంటే కృత్రిమంగా తయారుచేసిన ఒక మందును ఎదుర్కొనే శక్తి నీటి జీవుల మీదా చుట్టూ బతికే క్రిముల దగ్గర ముందే ఉంది. మందు వాడకం దాన్ని బయటికి లాగి మనుషుల రోగాల దాకా చేర్చింది. పశువుల మందుగా అమ్మే ఎన్రోఫ్లాక్ససిన్ ఒంట్లోకి వెళ్లాక కొంత సిప్రోఫ్లాక్ససిన్‌గానే మారుతుంది. తీరప్రాంత ఆక్వా సాగు నిబంధనల్లోని నిషేధిత జాబితాలో ఫ్లోరోక్వినోలోన్లన్నిటినీ చేర్చారు.

సిప్రోఫ్లాక్ససిన్ మాట వస్తే హైదరాబాద్‌లోని బాలానగర్‌ను తలచుకోక తప్పదు. 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ ఇక్కడ సింథటిక్ మందుల కర్మాగారాన్ని సోవియట్ సహకారంతో నెలకొల్పింది. ఇక్కడ పని నేర్చుకున్న రసాయనవేత్తలు బయటికి వచ్చి సొంత సంస్థలు పెట్టారు; డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు కల్లం అంజిరెడ్డి వారిలో ఒకరు. జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లిలలో బల్క్ డ్రగ్ కర్మాగారాలు వరసకట్టాయి. ఖరీదైన మందులు పేదవాడికి అందే ధరకు వచ్చాయి. ఆ మేలును తక్కువ చేయకూడదు. ఐడీపీఎల్ ఆవరణలోనే 2007లో జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ నైపర్ హైదరాబాద్ మొదలైంది.

అదే 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నీటి ఫలితాలను ప్రచురించింది. దాదాపు 90 కర్మాగారాల వ్యర్థజలం చేరే ఆ కేంద్రంలో శుద్ధి అయ్యాక బయటికి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా అది ఎక్కువ. ఒక్క రోజులో పోయిన మందు దాదాపు 45 కిలోలు. మొండి బ్యాక్టీరియాకు పైచేయి రాకుండా ఉండాలంటే సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 0.064 మైక్రోగ్రాములు దాటకూడదని 2016లో అంచనా కట్టారు. దానితో పోలిస్తే పటాన్‌చెరు నీటిది దాదాపు అయిదు లక్షల రెట్లు. ఆ వ్యర్థజలాన్ని 500 రెట్లు పల్చన చేసినా రెయిన్‌బో ట్రౌట్ చేపల కాలేయంలో జన్యువుల పనితీరు మారిందని 2009లో మరో అధ్యయనం చూపింది. కాజిపల్లి చెరువు అడుగు మట్టిని 2014లో పరిశీలించినప్పుడు, పోలికకు తీసుకున్న స్వీడన్ సరస్సులోకన్నా మొండితనపు జన్యువులు దాదాపు 7,000 రెట్లు ఎక్కువగా ఉన్నాయి. ఆ చెరువులో ఎవరూ మందు కలిపిన మేత వేయలేదు.

పటాన్‌చెరు వైపు నీరు నక్కవాగు ద్వారా మంజీరలోకి, మంజీర గోదావరిలోకి పోతుంది. బాలానగర్, కూకట్‌పల్లి నాలాల నీరు హుస్సేన్‌సాగర్‌కు, అక్కడి నుంచి మూసీకి, మూసీ కృష్ణకు చేరుతుంది. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీటిని తర్వాత 18 కిలోమీటర్ల గొట్టపు మార్గం వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి మళ్లించారు. అంటే అది కూడా మూసీ దారి పట్టింది. గోదావరి, కృష్ణల డెల్టాల నడుమే కొల్లేరు, దాని చుట్టూ చేపల చెరువులు. దీన్నిబట్టి హైదరాబాద్ మందే కైకలూరు చేపకు ఎక్కిందని చెప్పడం తప్పు. వందల కిలోమీటర్ల దారిలో మందు పల్చబడుతుంది, ఎండకు విరుగుతుంది, మట్టికి అంటుకుంటుంది. చెరువులోని మందులో ఎక్కువ పాలు చెరువు గట్టున పోసిందే. మందు విరిగినా విరగనిది జన్యువు. అది బతికున్న బ్యాక్టీరియాలో ఉంటుంది, బ్యాక్టీరియాతో పాటే పెరుగుతుంది.

ప్రభుత్వ నిబంధనలు ఇంతవరకూ ప్రధానంగా పట్టించుకున్నది మాంసంలో మిగిలే మందును. రొయ్యల ఎగుమతుల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల ఆనవాళ్లు దొరికి సరుకు వెనక్కి రావడంతో ఈ చూపు బలపడింది. భారతదేశపు సాగు రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను ఐరోపా సమాఖ్య 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. దేశీయ ఆహార భద్రత నిబంధనలు జలాహారంలో ఆక్సీటెట్రాసైక్లిన్‌కు కిలోకు 0.1 మిల్లీగ్రాముల హద్దు పెట్టాయి. మందు మానిన తర్వాత పట్టుబడికి ముందు కొంత విరామం ఇవ్వాలి. ఐరోపాలో వాడే 500 డిగ్రీ-రోజుల (నీటి వేడిని రోజులతో గుణించిన) కొలత ప్రకారం 28 డిగ్రీల నీటిలో అది 18 రోజులు. ఈ నియమాలు అవసరమే. అయితే విరామం పాటించిన చేప మాంసంలో మందు హద్దులోపే ఉన్నా, దాని చర్మం మీద మందు ఎన్నుకుని మిగిల్చిన బ్యాక్టీరియా అలాగే ఉండవచ్చు. మాంసం పరీక్ష కొనేవాడి ప్రశ్నకు జవాబిస్తుంది. చెరువులో ఏ మందు ఇంకా పనిచేస్తుందన్న ప్రశ్నను తాకనైనా తాకదు. పైగా శీలావతి, బొచ్చె, ఫంగస్, రూప్‌చంద్ చేపల్లో ఎక్కువ భాగం ఐసు పెట్టెల్లో దేశీయ మార్కెట్‌కే పోతుంది కాబట్టి, ఎగుమతి రొయ్యకు జరిగేంత పరీక్ష కూడా వాటికి జరగదు. ఫ్యాక్టరీ వైపు పరిస్థితి ఇంకా తీసికట్టు. 121 యాంటీబయాటిక్‌లకు వ్యర్థజలంలో హద్దులు ప్రతిపాదిస్తూ 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ హద్దులు లేవు. వాటిని తీసేయడం పెద్ద నష్టం.

చేప ఒంటి మీది బ్యాక్టీరియా మనిషిని చేరే దారి కంచం కన్నా ముందు చెయ్యి. బాగా ఉడికిన పులుసులో బ్యాక్టీరియా బతకవు. వల లాగేవారికి, చేపల మార్కెట్‌లో కత్తిపీట ముందు కూర్చుని పొద్దుటి నుంచి పొలుసు గీసేవారికి ముల్లు గుచ్చుకోవడం, వేలు తెగడం రోజువారీ సంగతి. ఏరోమోనాస్ అలా తెగిన గాయంలోకి చేరి చీము పట్టిస్తుంది. టొరంటోలో 1995-96 నాటి శీతాకాలంలో తిలాపియా చేపలు శుభ్రం చేసినవారికి స్ట్రెప్టోకాకస్ ఇనియే అనే చేపల క్రిమి సోకి ఆసుపత్రి పాలయ్యారు. అప్పుడు మామూలు పెన్సిలిన్ పనిచేసింది. అలాంటి మందు పనిచేయని రోజు వస్తే ముందుగా దెబ్బతినేది చేతి తొడుగులు కూడా లేకుండా చేపలు కోసే ఈ మనుషులే.

మందు వాడకం తగ్గించవచ్చని నార్వే చేసి చూపించింది. 1987లో అక్కడ చేపల పెంపకానికి దాదాపు 48 టన్నుల యాంటీబయాటిక్‌లు ఖర్చయ్యాయి. అప్పటి ఉత్పత్తి లక్ష టన్నులు కూడా లేదు. 1990ల మొదట్లో నూనె కలిపిన టీకాలు వచ్చాక ప్రతి సాల్మన్ పిల్లకూ సూది వేశారు. ఉత్పత్తి పది లక్షల టన్నులు దాటినా మందు వాడకం ఒక టన్ను దరిదాపుల్లోకి పడిపోయింది. చిలీలో అదే సాల్మన్‌కు ఏటా వందల టన్నులు వాడుతూ వచ్చారు. కార్పు చెరువుకు నార్వే పద్ధతి ఉన్నదున్నట్టు సరిపోదు. చౌక చేప, ఒకే చెరువులో రెండు మూడు జాతులు, ఒక్కోదానికి సూది వేసే ఖర్చు రైతు భరించలేనిది. ఇక్కడ వెంటనే ఫలితమిచ్చేవి వేరు: పేనును సకాలంలో పట్టుకోవడం, పిల్లల సంఖ్య తగ్గించడం, పట్టుబడి తర్వాత చెరువును పూర్తిగా ఎండగట్టడం, కోళ్ల పెంటను మానడం. ఎండలో టెట్రాసైక్లిన్ విరిగిపోతుంది కాబట్టి ఎండగట్టడానికి ఉన్న విలువ రెట్టింపు.

మందు వేయక తప్పనప్పుడు ముందు పరీక్ష జరగాలి. పుండు అంచున శుభ్రమైన దూదిపుల్లతో జిగురు తీసి, చచ్చిపోవడానికి దగ్గరైన చేప మూత్రపిండం నుంచి మరో నమూనా తీసి, రెంటినీ పెంచి చూస్తారు. చర్మం మీద దొరికిందే రోగ కారణం కాకపోవచ్చు. రెండు చోట్లా ఒకే క్రిమి వస్తే నమ్మకం పెరుగుతుంది. తర్వాత ఆ క్రిమి పరిచిన పళ్లెంలో మందు బిళ్లలు పెట్టి, చుట్టూ క్రిమి పెరగని వలయాన్ని కొలుస్తారు. దీనికంతటికీ మూడు నాలుగు రోజులు పడుతుంది. చేపలు తేలుతుంటే రైతు అన్నాళ్లు ఆగలేడు, అది అతని తప్పు కాదు. అందుకే ఒక ప్రాంతంలో ఏ క్రిమి ఏ మందుకు లొంగుతోందో ముందే తెలిసి ఉండాలి. భారత వ్యవసాయ పరిశోధన మండలి, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నడిపే ఇన్‌ఫార్ నెట్‌వర్క్ చేపల్లో ఈ. కోలై, స్టాఫైలోకాకస్, ఏరోమోనాస్, విబ్రియోల మొండితనాన్ని గమనిస్తోంది. ఆ సమాచారం మండల స్థాయికి, ఆక్వా మందుల షాపు గోడ మీదికి దిగాలి. ఈ పరీక్షకు ఆసుపత్రి ల్యాబు సరిపోదు. మనిషి క్రిములను 35 డిగ్రీల దగ్గర పెంచుతారు, చేప క్రిములకు నిర్దేశించిన వేడి 22 లేదా 28 డిగ్రీలు; వేడి మారితే వలయం వెడల్పు మారుతుంది, జవాబూ మారుతుంది. చేపల ల్యాబులకు వేరే ఇంక్యుబేటరు, వేరే కొలతల పట్టిక ఉండాలి.